వైరస్ పోతుంది సరే, లివర్ సంగతి చూశారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. ముప్పై ఏళ్ళుగా చెన్నై కొళత్తూరులో ఉంటున్నాం. మా నాన్నకు 64 ఏళ్ళు. గత నెలలో కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేస్తే హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్ అని వచ్చింది. ఆపరేషన్ వాయిదా వేశారు. 1993లో లారీ గుద్ది తొడ ఎముక విరిగినప్పుడు నాన్నకు రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. ఇక్కడ ప్రైవేటులో చూపిస్తే సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర రాసి, 12 వారాలు వాడితే పోతుందన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. మా బాబాయి ఏమో అవి జుట్టు రాలిపోయి మనిషిని పిప్పి చేసే మందులంటాడు. అమెరికాలో ఉన్న మేనత్త ఆ కోర్సు యాభై లక్షల పైమాటే అంది. రక్తంలో వైరస్ పోయినంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందని రుజువు లేదని పెద్ద సంస్థే చెప్పిందని తమ్ముడు ఎక్కడో చదివాడు. పెద్దమ్మ పసరు మందుకు తీసుకెళ్దామంటోంది. అమ్మ నాన్నకు కంచం, గ్లాసు వేరు పెట్టేసింది. నాన్నకు సుగర్ ఉంది, రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటారు, ఆదివారం ఒక క్వార్టర్ అలవాటు. రిపోర్టు ఫోటో పంపుతున్నాను. ఈ మందులు నిజంగా పనిచేస్తాయా? — ఒక కూతురు, కొళత్తూరు

సమాధానం:

మీరు పంపిన ఫోటోలో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పద్నాలుగు లక్షలు అన్న చోట ఎవరో ఎర్ర పెన్నుతో రెండుసార్లు గుండ్రంగా చుట్టారు. ఇంట్లో అందరి టెన్షనూ ఆ అంకె మీదే ఉన్నట్టుంది. దాన్ని చూసి హడలిపోనక్కర్లేదమ్మా. హెపటైటిస్ సి లో వైరల్ లోడ్‌ను బట్టి జబ్బు ఎంత ముదిరిందో తెలియదు. లక్ష ఉన్నాయన లివర్ గట్టిపడిపోయి ఉండొచ్చు, కోటి ఉన్నాయన లివర్ చెక్కుచెదరకుండా ఉండొచ్చు. వైరస్ ఒంట్లో ఇప్పుడు బతికి ఉంది, మందు అవసరం అన్నంత వరకే ఆ పరీక్ష చెబుతుంది. నేనైతే ఎర్ర పెన్ను వేరేచోట పెట్టేవాణ్ణి. అదే కాగితంలో పైన, ప్లేట్‌లెట్లు 1,18,000 అన్న చోట. అక్కడికి మళ్ళీ వస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పనివ్వండి.

పనిచేస్తాయి. మందులు కనిపెట్టిన దీర్ఘకాలిక వైరస్ జబ్బుల్లో ఇంత శుభ్రంగా నయమయ్యేది ఇంకోటి చెప్పమంటే నాకు గుర్తు రాదు.

మీ బాబాయి చెప్పింది అబద్ధం కాదు, పాతది. ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంతకుముందు దాన్ని 'ఎ కాదు, బి కాదు' రకం హెపటైటిస్ అనేవారు. పేరు కూడా లేని జబ్బన్నమాట. తర్వాత ఇరవై ఏళ్ళ పైన మాకున్న ఆయుధం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను, దానికి తోడు రిబావిరిన్ మాత్రలు. విల్లివాక్కంలో మెస్ నడిపే ఒకాయన, ఒంగోలు వైపు మనిషి, నా దగ్గరికి వచ్చేవారు. ఇంజెక్షన్ పెట్టె ఇంట్లో ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉండేది. వారానికొకటి, శుక్రవారం రాత్రి పొడిపించుకునేవారు. రాత్రంతా చలిజ్వరం. శనివారం రెండు దుప్పట్ల కింద. ఆదివారం లేచి కూర్చునేవారు, సోమవారం తెల్లారి ఇడ్లీ కుండ ఎక్కించాలి కదా. ఇలా 48 శుక్రవారాలు. దిండు మీద జుట్టు, చీటికీ మాటికీ ఇంట్లోవాళ్ళ మీద విసుగు. వైరస్ పోయింది అనుకున్నాం. ఆరు నెలల తర్వాత పరీక్ష చేస్తే మళ్ళీ ప్రత్యక్షం. ఆయన రకానికి, అంటే జీనోటైప్ 1కి, ఆ చికిత్సతో సగం మందికి కూడా పూర్తిగా నయమయ్యేది కాదు. మీ బాబాయి ఎవరినో ఇలాంటి వాళ్ళను చూసి ఉంటారు.

2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి రావడంతో కథ మారింది. పాత ఇంజెక్షన్ మన ఒంటిని రెచ్చగొట్టి వైరస్ మీదికి ఉసిగొల్పేది, అందుకే ఒళ్ళంతా హూనమయ్యేది. కొత్త మాత్రలు మన ఒంటి జోలికి పెద్దగా రావు. వైరస్ తన నకళ్ళు తానే తీసుకుంటుంది కదా, ఆ నకలు తీసే ఎంజైమ్‌ను సోఫోస్‌బువిర్ ఆపేస్తుంది. నకళ్ళు తీసే పనికి కావలసిన ఇంకో ప్రొటీన్‌ను వెల్పటాస్విర్ అడ్డుకుంటుంది. రెండు వైపులా తలుపులు మూసేసినట్టు. ఇంకో విషయం. హెపటైటిస్ బి వైరస్ లివర్ కణంలోని కేంద్రకంలో దూరి పాతుకుపోతుంది, అందుకే దాన్ని అణచి ఉంచగలం తప్ప బయటికి గెంటడం కష్టం. సి కి ఆ విద్య లేదు. కొత్త నకళ్ళు ఆగిపోతే ఉన్నవి చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టడానికి విత్తనం మిగలదు. కాబట్టే దీని విషయంలో 'నయమైంది' అన్న మాట మేం ధైర్యంగా వాడతాం.

నాన్నగారిది జీనోటైప్ 3 అని రిపోర్టులో ఉంది. మన దేశంలో ఎక్కువగా కనిపించేది అదే. అన్ని రకాల్లోకీ కాస్త మొండిది కూడా అదే. ఆ మొండిదాని మీదే ఈ మాత్రను 12 వారాలు పరీక్షించినప్పుడు నూటికి 95 మందికి పోయింది. లివర్ అప్పటికే మచ్చలు పడి బాగా గట్టిపడిన సిర్రోసిస్ దశకు వచ్చినవాళ్ళలో 91 మందికి. తలనొప్పి, నీరసం, కొంచెం వికారం తప్ప చాలామందికి ఇంకేమీ ఉండదు. నా మెస్ పెద్దాయన తర్వాత సోఫోస్‌బువిర్, లెడిపాస్విర్ కలిసిన మాత్ర 12 వారాలు వాడారు. మధ్యలో ఒకరోజు వచ్చి, 'ఏమండీ, నకిలీ మాత్రలు కాదు కదా, ఏమీ కావడం లేదు' అని అనుమానంగా అడిగారు. అంత బాధపడ్డ మనిషికి ఏ బాధా లేని మందు మీద నమ్మకం కుదరదు.

నయమైందని ఎప్పుడు తెలుస్తుంది? ఆఖరి మాత్ర వేసుకున్న రోజున కాదు. ఆ తర్వాత మరో 12 వారాలు ఆగి పీసీఆర్, అంటే రక్తంలో వైరస్ ఉందా అని నేరుగా వెతికే పరీక్ష, చేయించాలి. అప్పుడు వైరస్ కనిపించకపోతే ఇక తిరగబెట్టడం అరుదు. చాలామంది మందు అయిపోగానే పరీక్ష చేయించుకుని, నెగెటివ్ చూసి, ఈ రెండో పరీక్షకు రారు. దయచేసి ఆ తప్పు చేయకండి. ఇంకొకటి, కంటి ఆసుపత్రిలో చేసినది యాంటీబాడీ పరీక్ష, అంటే వైరస్‌ను కాక దాని మీద మన ఒళ్ళు తయారుచేసుకున్న రక్షక ప్రొటీన్లను చూసేది. అది జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. రేపు ఏ పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా మళ్ళీ ఇదే గొడవ మొదలవుతుంది. అందుకని ఆఖరి పీసీఆర్ రిపోర్టు లామినేషన్ చేయించి ఫైల్లో పెట్టుకోండి. వ్యాక్సిన్ లేదు, ఒకసారి పోతే మళ్ళీ రాదన్న రక్షణా లేదు, అది కూడా గుర్తుంచుకోండి.

డబ్బు సంగతి. మీ మేనత్త చెప్పింది అమెరికా లెక్క. అక్కడ సోఫోస్‌బువిర్ మొదట వచ్చినప్పుడు ఒక మాత్ర వెయ్యి డాలర్లు, కోర్సు 84 వేల డాలర్లు. కానీ 2014లో దాన్ని తయారుచేసిన గిలియడ్ కంపెనీయే మన దేశంలోని కంపెనీలకు లైసెన్సులు ఇచ్చింది. మన హైదరాబాద్ నాట్కో సహా కొన్ని కంపెనీలు 2015లో జెనరిక్ తెచ్చాయి. అప్పట్లో 28 మాత్రల సీసా ఇరవై వేల రూపాయల దరిదాపుల్లో ఉండేది, ఆ తర్వాత బాగా దిగింది. అసలు మీరు కొనాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. 2018 జూలై 28 నుంచి నేషనల్ వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రామ్ కింద పరీక్షలు, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్‌లో లివర్ విభాగానికి వెళ్ళి ఈ పథకం పేరు చెప్పి అడగండి. క్యూ ఉంటుంది, ఒక పూట పోతుంది. కానీ వాళ్ళు చూసే లివర్ కేసుల సంఖ్య ముందు మా క్లినిక్‌లు ఏ మూలకి.

తమ్ముడు చదివిందేమిటో నాకు తెలుసు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2017లో 138 ట్రయల్స్‌ను, అంటే పాతిక వేల మందికి పైగా రోగుల వివరాలను, ఒకచోట పెట్టి చూసింది. ఈ మందులు రక్తంలో వైరస్‌ను పోగొడుతున్నాయి సరే, దానివల్ల చావులు తగ్గాయా అన్నది ఈ ట్రయల్స్‌ను బట్టి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం అంది. 'చెప్పలేం' అన్నమాట వార్తల్లోకి వచ్చేసరికి 'లేదు' అయిపోయింది. అబ్బాయికి ఇది నెమ్మదిగా వివరించండి, చదివే అలవాటున్నవాణ్ణి కసరకూడదు. ఈ జబ్బు లివర్‌ను పాడుచేయడానికి ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది. ట్రయల్స్ నడిచేది కొన్ని నెలలు. మూడు నెలల సినిమాలో ముప్పై ఏళ్ళ క్లైమాక్స్ ఎక్కడ కనిపిస్తుంది? పోనీ సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి ఇరవై ఏళ్ళు చూద్దామంటే, వైరస్ పోగొట్టే మందు చేతిలో పెట్టుకుని ఎవరూ ఆ పని చేయరు, చేయకూడదు.

కాబట్టి వేరే దారిలో చూడాలి. ఫ్రాన్స్‌లో దాదాపు పదివేల మంది రోగులను మూడేళ్ళకు కాస్త తక్కువ కాలం వెంబడించి చూసిన అధ్యయనం 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వయసు, లివర్ పరిస్థితి లాంటి తేడాలు లెక్కలో సర్దిన తర్వాత, మందు వాడినవాళ్ళలో చావులు వాడనివాళ్ళకంటే సుమారు సగం, లివర్ క్యాన్సర్ మూడో వంతు తక్కువ. ఇది చీటీలు వేసి మందు పంచిన ట్రయల్ కాదు కాబట్టి నూటికి నూరుపాళ్ళ రుజువు అని నేనూ అనను. అయినా మా నాన్నకైతే మర్నాడే మొదలుపెట్టేవాణ్ణి.

కానీ ఆ లెక్కను ఇంకోసారి చూడండి. క్యాన్సర్ మూడో వంతు తగ్గింది. సున్నా కాలేదు. మీ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అదే, నేను ప్లేట్‌లెట్ల దగ్గర ఆగింది అందుకే. మందు వైరస్‌ను కడిగేస్తుంది. ముప్పై ఏళ్ళుగా లివర్ మీద పడిన మచ్చలను మూడు నెలల్లో చెరపదు. కొంత మెల్లగా తగ్గవచ్చు, ఏళ్ళు పడుతుంది, ముదిరినది మిగిలిపోతుంది.

కాగితం పెన్ను తీసుకుని నాతోపాటు ఈ లెక్క చేయండి. ఫిబ్-4 అంటారు, లివర్ ఎంత గట్టిపడిందో అంచనా వేయడానికి. నాన్నగారి వయసు 64ను లివర్ పరీక్షల్లోని ఎస్‌జీఓటీ 78తో హెచ్చించండి: 4992. ప్లేట్‌లెట్లు వేలల్లో 118. అదే లివర్ పరీక్షల్లోని ఎస్‌జీపీటీ 64కు వర్గమూలం 8. ఆ రెండూ హెచ్చిస్తే 944. పైదాన్ని కిందిదానితో భాగిస్తే సుమారు 5.3 వస్తుంది. 3.25 దాటితే లివర్ బాగా గట్టిపడిందని అనుమానించాలి. లివర్ గట్టిపడితే అందులోకి వెళ్ళే రక్తం సాఫీగా పారదు, వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. అందుకే రక్తంలో అవి తగ్గుతాయి. అంకెలతో చేసిన అంచనా ఇది, తీర్పు కాదు. లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్, కడుపు అల్ట్రాసౌండ్ చేయిస్తే తేలిపోతుంది. సిర్రోసిస్ అని తేలితే ఎండోస్కోపీ కూడా చేస్తారు, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటే అవి పగలకముందే జాగ్రత్తపడడానికి. పొట్టలో నీరు, కళ్ళు పచ్చబడడం, మనిషి తికమకపడడం లాంటివేమీ లేకపోతే ఇదే మాత్ర, ఇదే 12 వారాలు సరిపోతుంది. అవి ఉంటే మందుల వరుస మారుతుంది, పెద్దాసుపత్రిలోనే మొదలుపెట్టాలి.

సిర్రోసిస్ ఉంటే, వైరస్ పోయిన తర్వాత కూడా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు. మెస్ పెద్దాయన సంగతి పూర్తిగా చెప్పలేదు కదా. వైరస్ పోయిన మూడేళ్ళకు, ఆరు నెలల స్కాన్‌లో రెండు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. క్యాన్సరే. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి సూదితో కాల్చేశారు. ఇప్పటికీ మెస్‌లో గల్లాపెట్టె దగ్గర ఆయనే కూర్చుంటారు. 'జబ్బు పోయిందిగా, స్కాన్ ఎందుకు' అని ఆ ఏడు ఎగ్గొట్టబోతే వాళ్ళావిడ ఆటో ఎక్కించి తీసుకొచ్చింది.

మందు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా చేశారో లేదో చూసుకోండి, మీ ఫోటోలో అది కనిపించలేదు. ఒంట్లో బి కూడా దాగి ఉంటే, సి పోతున్నప్పుడు అది పడగ విప్పుతుంది. నాన్నగారి గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ అయితే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వెల్పటాస్విర్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. మన ఇళ్ళల్లో గ్యాస్ మాత్రను మందుగా ఎవరూ లెక్కపెట్టరు, 'ఇంకేం మందులు వాడుతున్నారు' అంటే 'సుగర్‌కు ఒక్కటే' అంటారు. కొలెస్ట్రాల్ మాత్ర, గుండెకు అమియోడరోన్, ఫిట్స్ మందు, టీబీ మందు ఇలాంటివి ఏవి ఉన్నా చెప్పాలి. అన్ని స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుని వెళ్ళడం ఉత్తమం. వైరస్ తగ్గేకొద్దీ సుగర్ కూడా కొందరిలో తగ్గుతుంది, అదే మోతాదు మాత్రతో సుగర్ మరీ పడిపోవచ్చు. మొదటి నెలలో తరచూ చూసుకోండి.

సుగర్ చూసుకోవడం అంటే గుర్తొచ్చింది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉందా? వేలు పొడిచే ఆ సూదిని అమ్మగారు కూడా వాడుతున్నారా? కంచాలు వేరు చేసి సూది ఒకటే వాడే ఇళ్ళు నేను చూశాను. ఈ వైరస్ రక్తం ద్వారా వస్తుంది. కంచం, గ్లాసు, ముద్ద కలిపి పెట్టడం, పక్కన నిద్రపోవడం, వీటితో రాదు. రేజరు, గోళ్ళ కత్తెర, బ్రష్షు, ఆ సూది, ఇవి వేరు చేయండి చాలు. అమ్మగారికి ఒకసారి పరీక్ష చేయిస్తే మంచిదే. నాన్నగారికి 1993 నాటి రక్తం వల్లే వచ్చి ఉండొచ్చు, అప్పటికి మన బ్లడ్ బ్యాంకుల్లో దీనికి పరీక్ష తప్పనిసరి కాలేదు. అదే అని ఒట్టేసి చెప్పలేం. మన ఊళ్ళలో ఆర్‌ఎంపీ గారు స్టీలు డబ్బాలో గాజు సిరంజి ఉడకబెట్టి ఊరందరికీ పొడిచిన రోజులు నాన్నగారివి. ఈజిప్టులో నత్తల వల్ల వచ్చే ఒక పురుగు జబ్బుకు దశాబ్దాల పాటు అలాగే సూదులు పొడిచి, దేశమంతటా హెపటైటిస్ సి వ్యాపించేలా చేశారు. తర్వాత ఇలాంటి మాత్రలతోనే దాన్ని అదుపులోకి తెచ్చుకున్నారు.

పెద్దమ్మ గారి పసరుకు దండం పెట్టి పక్కన పెట్టండి. కామెర్లు చాలావరకు నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ లవి, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ క్రెడిట్ పసరు కొట్టేస్తుంది. నేల ఉసిరి గానీ, ఇక్కడివాళ్ళ కీళానెల్లి గానీ (రెండూ ఒకటే లెండి) సి వైరస్‌ను పోగొట్టినట్టు రుజువు లేదు. గట్టిపడ్డ లివర్‌కు ఏమి కలిపారో తెలియని పసరు ఇంకా ప్రమాదం. ఆదివారం క్వార్టర్ కూడా పూర్తిగా మానాలి. తగ్గించడం కాదు, మానడం. ఈ విషయంలో నాన్నగారు నాతో బేరమాడితే టాస్మాక్ (తమిళనాడు సర్కారు మద్యం షాపు) వైపు కాకుండా నా వైపు నిలబడండి.

ఇక శుక్లం ఆపరేషన్. హెచ్‌సీవీ ఉందని దాన్ని ఆపాల్సిన పని లేదు, ఏ రోగికైనా తీసుకునే మామూలు జాగ్రత్తలే సరిపోతాయి. లివర్ డాక్టరుతో ఒక ముక్క రాయించుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రోజుకొకటి చొప్పున 84 మాత్రలు మర్చిపోకుండా వేసుకోవాల్సిన మనిషికి ముందు స్ట్రిప్పు మీద అక్షరాలు కనపడాలి. అప్పటిదాకా ఆ మాత్ర ఎవరో ఒకరు చేతిలో పెట్టి, క్యాలెండర్‌లో టిక్కు కొట్టండి.